మావాడు ఫాదర్ల బడికెళ్తున్నాడు

పోయిన నవంబర్‌లో మావాడి పుట్టినరోజుకు ఎవరెవరిని పిలవాలో రాసిమ్మన్నాను. అప్పుడు వాడు ఐదో తరగతి. కేకు ఎన్ని కిలోలు చెప్పాలో తేలాలి కదా. తొమ్మిది పేర్లు రాసిచ్చాడు. మూడేళ్లుగా వాడితో ఒకే ఆటోలో బడికి వెళ్లే కుర్రాడి పేరు అందులో లేదు. మర్చిపోయాడేమోనని గుర్తు చేశాను. "వాడు ఇప్పుడు మా సెక్షన్ కాదు నాన్నా. కింది సెక్షన్‌కి పోయాడు" అన్నాడు. కోపం లేదు, బాధ లేదు. ఈరోజు బుధవారం అని చెప్పినట్టు చెప్పాడు.

ఆ బడి సంగతి కొంచెం చెప్పాలి. మేముండేది హైదరాబాద్ మూసాపేటలో. మా వైపు టిఫిన్ సెంటర్లు ఎన్ని ఉన్నాయో కార్పొరేట్ స్కూళ్ల బ్రాంచీలు దాదాపు అన్ని. వాటిలో ఒకదాంట్లో వేశాం. ఐదో తరగతికే ఐఐటీ ఫౌండేషన్. శనివారం శనివారం టెస్టు, తప్పు రాస్తే నెగటివ్ మార్కులు, తప్పులన్నీ మళ్లీ రాసే ఎర్రర్ లిస్టు, రెండు నెలలకోసారి మార్కులను బట్టి సెక్షన్లు మార్చడం. ఐదంతస్తుల బిల్డింగ్. ఆటస్థలం అంటే డాబా మీద వల కట్టిన జాగా. పేరు రాయడం లేదు. ఆ పేరు తీసి పక్క బ్రాంచి పేరు పెట్టినా ఒక్క వివరం మార్చక్కర్లేదు కాబట్టి రాసీ లాభం లేదు.

తప్పంతా బడి మీదకు తోసే వీలు కూడా నాకు లేదు. మావాడు పై సెక్షన్‌కి వెళ్లిన రోజు బిర్యానీ తెప్పించింది నేనే.

ఆ తొమ్మిది పేర్ల కాగితం తర్వాత బడి మారుద్దామని మా ఆవిడతో అన్నాను. నాలుగు నెలలు తిరిగాం. చివరికి ఆబిడ్స్ వైపు ఉన్న ఒక పాత మగపిల్లల బళ్లో, క్యాథలిక్ బ్రదర్లు నడిపే బళ్లో, ఆరో తరగతికి చేర్పించాం. దాని పేరు కూడా రాయను. రాస్తే కింద కామెంట్లలో అందరూ ఫీజెంత, అప్లికేషన్ ఎప్పుడు అని అడుగుతారు, నేను చెప్పదలచుకున్నది పక్కకు పోతుంది.

చేర్పించిన దగ్గర్నుంచి మూడు ప్రశ్నలు వింటున్నాను. మా అమ్మది దేవుడి ప్రశ్న. మా తోడల్లుడిది సిలబస్ ప్రశ్న. కోఠిలో నేను పనిచేసే మందుల హోల్‌సేల్ షాపులో వాళ్లది ఒకటే, "సీటు ఎట్ల దొరికింది?". ముగ్గురికీ ముక్కలు ముక్కలుగా జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇక్కడ ఒక్కసారిగా రాస్తున్నాను.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. మన తెలుగులో కాన్వెంటు అంటే ఇంగ్లిష్ మీడియం ప్రైవేటు బడి అని అర్థం స్థిరపడిపోయింది. అసలు ఆ మాటకు కన్యాసన్యాసినులు కలిసి ఉండే ఇల్లు అని అర్థం. వాళ్లు తమ ఇంటిని ఆనుకుని బడి నడిపారు, ఇంటి పేరు బడికి అంటుకుంది, ఆ తర్వాత ఊరూరా సరస్వతీదేవి బొమ్మ కింద కూడా కాన్వెంటు అనే బోర్డు వెలిసింది. ‘సెయింట్’ కథా అంతే. నగరంలో సెయింట్ అని మొదలయ్యే బళ్లు చాలా వాటికి చర్చితో ఏ సంబంధమూ లేదు. ఎవరో రియల్ ఎస్టేట్ ఆయన ఇద్దరు బావమరుదులతో కలిసి పెట్టింది కావచ్చు. నిజంగా చర్చి నడిపేవన్నీ క్యాథలిక్కులవీ కావు. ఆబిడ్స్‌లోని సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు 1834 నాటిది, అది ఆంగ్లికన్ల వారసత్వం. స్టాన్లీ, వెస్లీ అన్న పేర్లు కనిపిస్తే మెథడిస్టుల వైపు చూడాలి. మనం అన్నిటినీ కలిపి ‘మిషనరీ స్కూలు’ అనేస్తాం.

క్యాథలిక్ బళ్లలో మళ్లీ ఎవరు నడుపుతున్నారన్నది చూడాలి. సికింద్రాబాద్‌లోని సెయింట్ పాట్రిక్స్ జెస్యూట్లది, అంటే యేసుసభ వాళ్లది. గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కెథడ్రల్ దగ్గరున్న ఆల్ సెయింట్స్ 1855లో మొదలైంది. చిరాగ్ అలీ లేన్‌లోని లిటిల్ ఫ్లవర్ 1953లో, హైదర్‌గూడలోని సెయింట్ పాల్స్ 1954లో వచ్చాయి. ఈ మూడింటినీ నడిపేది మాంట్‌ఫోర్ట్ బ్రదర్లు. వీళ్ల సంఘం ఫ్రాన్స్‌లో పుట్టి 1903లో మన దేశానికి వచ్చింది. మనం అందరినీ ఫాదర్ అనేస్తాం కానీ బ్రదర్లు పూజారులు కారు. పూజ చేయరు, భక్తులు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తన వినరు. పెళ్లి, ఆస్తి వద్దనుకుని బడి నడపడమే పనిగా పెట్టుకున్నవాళ్లు. ఈ తేడా నాకూ పోయినేడాది దాకా తెలియదు. ఈ వ్యాసం పేరులోనూ ‘ఫాదర్ల బడి’ అనే పెట్టాను, ఎందుకంటే ఆటోవాడికి అలా చెబితేనే అర్థమవుతుంది.

ఈ తేడాల గొడవ ఎందుకంటే, బడి మిగులు డబ్బు ఎటు పోతుందో, హెడ్మాస్టర్ ఎవరికి జవాబు చెప్పాలో వీటిని బట్టే ఉంటుంది. సంఘం నడిపే బళ్లో మిగిలింది ఒక కుటుంబం ఇంటికి పోదు. ఇంకో ఊళ్లో ఇంకో బడికో, ఆసుపత్రికో, వాళ్ల సొంత భవనాలకో పోతుంది. అందులో అంతా పవిత్రమే అనను. కానీ కొడుకు పెళ్లికి ముందు ఫీజు పెరిగే బడికీ దీనికీ తేడా ఉంది. మాకు చెప్పిన ఫీజు మూసాపేట బడిలో కట్టినదాంట్లో సగం కన్నా తక్కువ. ఇక్కడ ఏసీ గది లేదు, ట్యాబ్ లేదు, బస్సు లేదు.

ఇక జనం ఈ బళ్లను ఎందుకు మెచ్చుకుంటారో అవి నాకు కారణాలు కావు. మొదటిది ఇంగ్లిష్. ఒకప్పుడు ఊరికో కాన్వెంటు ఉన్న కాలంలో అది నిజమేమో. ఇప్పుడు ఏ కార్పొరేట్ బడి పిల్లవాడైనా యూట్యూబ్ చూసి వీళ్లకన్నా జోరుగా మాట్లాడతాడు. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు.

రెండోది డిసిప్లిన్. ఇక్కడ నాకు మాట్లాడాల్సింది ఉంది. నేను నల్లగొండ జిల్లాలో ఒక చిన్న టౌన్లో మిషన్ బళ్లో చదివాను. మా హెడ్మాస్టర్ దగ్గర పొడుగాటి వెదురు బెత్తం ఉండేది. సోమవారం ప్రేయర్ దగ్గర గోళ్లు, బూట్లు, జుట్టు చూసేవారు. ఒకసారి తెల్ల బూటుకు చాక్‌పీస్ రాసుకుని వెళ్లి దొరికిపోయాను. రెండు అరచేతులూ వాచిపోయి ఆ సాయంత్రం అన్నం అమ్మ కలిపి తినిపించింది. "బాగా చదువు చెప్తున్నరు" అన్నారు మా నాన్న, నా చేతులు చూసి. ఆ తరం తల్లిదండ్రులకు డిసిప్లిన్ అంటే అదే. ఈ తరం వాళ్లం పైకి అనం గానీ, ‘ఫాదర్ల స్కూల్లో అయితే కంట్రోల్లో ఉంటాడు’ అన్నప్పుడు మన మనసులో ఆ బెత్తమే ఉంటుంది. మనం ఇంట్లో చేయలేని పనిని తెల్ల అంగీ వేసుకున్నాయన చేసిపెట్టాలి. ఆ కోరికతో వెళ్లేవాళ్లు వెళ్లకపోవడమే మంచిది.

బెత్తం సంగతి నేను అడిగే చేర్పించాను. అడిగిన తీరు చెబుతాను. హెడ్మాస్టర్ బ్రదర్‌ది ఫిరంగిపురం. మాట్లాడుతుంటే గుంటూరు వినిపిస్తుంది. "మీ దగ్గర కొడతారా?" అన్నాను సూటిగా. ఆయన కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. "నేను చదువుకున్నప్పుడు కొట్టేవాళ్లండి. నేను టీచరుగా వచ్చిన కొత్తలో నేనూ కొట్టాను. ఒకబ్బాయి పెద్దయ్యాక పెళ్లి శుభలేఖ ఇవ్వడానికొచ్చి, బ్రదర్ మీరు కొట్టారు గుర్తుందా అని నవ్వాడు. నాకు గుర్తు లేదండి. వాడికుంది. ఇప్పుడు ఎవరైనా కొడితే నాకు చెప్పండి, నాకు చెబితే పని జరక్కపోతే బయట చెప్పండి." ఈ జవాబులో మొదటి సగం లేకపోతే రెండో సగం నమ్మేవాణ్ని కాదు.

బయట అంటే ఎక్కడ? ఇక్కడ చట్టం కొంచెం చిక్కుగా ఉంది. పిల్లలను కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అని 2009 విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ చెబుతుంది. అదే చట్టంలో 12వ సెక్షన్ ప్రైవేటు బళ్లు నాలుగో వంతు సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలంటుంది. 2014లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి ఈ చట్టం మైనారిటీ సంస్థలకు వర్తించదని తేల్చింది. మైనారిటీలు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకునే హక్కు రాజ్యాంగం 30వ అధికరణంలో ఉంది కాబట్టి. 2025 సెప్టెంబర్‌లో మరో బెంచి ఆ తీర్పు మీద సందేహం వెలిబుచ్చి పెద్ద బెంచికి పంపించాలంది. దెబ్బ పడితే మామూలు నేర చట్టం ఎలాగూ ఉంది, అది వేరే మాట. నాకు మింగుడుపడనిది ఆ నాలుగో వంతు సీట్ల విషయం. పేదల సేవకే వచ్చామని చెప్పే సంఘం, పేద పిల్లల సీట్ల నుంచి చట్టం ఇచ్చిన మినహాయింపును హాయిగా వాడుకోవడం నాకు నచ్చలేదు. అడిగాను కూడా. ఫీజు కట్టలేని పిల్లలు ప్రతి తరగతిలో ఉన్నారని, ఎవరెవరో మిగతా పిల్లలకు తెలియనివ్వమని బ్రదర్ చెప్పారు. ఉండొచ్చు. దయతో ఇచ్చే సీటూ హక్కుగా వచ్చే సీటూ ఒకటి కావని అక్కడే అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఈ విషయంలో నేను ఇంకా అక్కడే ఉన్నాను.

మా అమ్మ ప్రశ్నకు వద్దాం. "ఏందిరా, పిలగాన్ని కిరస్తానోళ్ల బడిల ఏస్తున్నవంట. రేపు బొట్టు పెట్టుకుంటడా వాడు?" అని ఫోన్‌లో అడిగింది. నన్ను వేసింది ఎక్కడమ్మా అంటే, "అప్పుడు వేరే బడి ఏడుంది" అంది. న్యాయమే.

ప్రార్థన ఉంటుంది, దాచడానికేముంది. అసెంబ్లీలో ‘పరలోకమందున్న మా తండ్రీ’ ఇంగ్లిష్‌లో చెప్పిస్తారు. ఆ తర్వాత ప్రతిజ్ఞ. ‘భారతదేశం నా మాతృభూమి’ అనే ఆ ప్రతిజ్ఞను 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ ఆఫీసరుగా ఉంటూ రాసింది పైడిమర్రి వెంకట సుబ్బారావు, మా నల్లగొండ జిల్లా అన్నెపర్తి ఆయన. ఈ మాట చెప్పగానే అమ్మ కొంచెం మెత్తబడింది, ఎందుకో నాకూ తెలియదు. క్యాథలిక్ పిల్లలు క్యాటకిజం క్లాసుకు, అంటే వాళ్ల మతపాఠానికి, వెళ్తే మిగతావాళ్లకు అదే పీరియడ్‌లో మోరల్ సైన్స్. పిల్లవాడిని వాళ్ల ప్రార్థనలో గానీ మతబోధనలో గానీ పాల్గొనాలని తల్లిదండ్రుల ఒప్పుకోలు లేకుండా ఏ గుర్తింపు పొందిన బడీ బలవంతం చేయకూడదని రాజ్యాంగం 28వ అధికరణం మూడో క్లాజులో ఉంది. అయ్యప్ప మాల వేసుకుంటే ఆ నలభై రోజులూ ఎలా అని అడిగాను. ముందుగా ఉత్తరం రాసిస్తే చాలన్నారు. రాసిమ్మని డైరీలో ముద్రించి ఉంది కూడా. నోటిమాటను కాకుండా డైరీలో ఉన్నదాన్నే నేను నమ్ముతాను.

నిజానికి మతం మారతాడన్న భయం లెక్కకు నిలవదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం. ఇన్నేళ్లుగా ఇన్ని లక్షల మంది ఈ బళ్లలో చదివి బయటికొచ్చాక ఉన్న అంకె అది. మావాడి క్లాసులో సగానికి దగ్గరగా ముస్లిం పిల్లలు, ఎక్కువ మంది నాంపల్లి, మల్లేపల్లి, కింగ్ కోఠీ వైపు నుంచి వచ్చేవాళ్లు. చేరిన నెలలోనే ఇంట్లో కాకరకాయ కూర వడ్డిస్తే "నక్కో" అన్నాడు, హైదరాబాదీ ఉర్దూలో వద్దని. మా ఆవిడకు నవ్వాగలేదు.

చుట్టాల భయం వెనకాల ఇంకోటి ఉంది, దాన్ని మతం అని పిలుస్తున్నాం. ఒక పెళ్లిలో మా బాబాయి కొంచెం గొంతు తగ్గించి, "ఆ బళ్లల్ల ఎవరెవరి పిల్లలో ఉంటరు కదరా" అన్నాడు. ఆ ‘ఎవరెవరి’ అన్న మాటకు అర్థం మా ఇళ్లల్లో పుట్టినవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. చర్చిలో కులం లేదని నేనూ అనను. మన హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల అంథోని 2022లో కార్డినల్, అంటే చర్చిలో పోప్ తర్వాతి హోదా, అయ్యారు. తెలుగువాళ్లలో ఆయనే మొదటి కార్డినల్, దళితుల్లోనూ ఆయనే మొదటివారు. ఆ ‘మొదటి’ అన్నది 2022లో రావడమే చాలా చెబుతుంది. అయినా సరే, మావాడి బెంచీ మీద ఎవరెవరి పిల్లలో ఉండడం కోసమే ఆ బడి అని బాబాయికి చెప్పాను. తర్వాత రెండు ఫంక్షన్లకు నాతో సరిగా మాట్లాడలేదు.

తోడల్లుడి ప్రశ్నకు మాత్రం నేను బాగా తడబడ్డాను. అతను సాఫ్ట్‌వేర్, కొండాపూర్‌లో ఉంటాడు. "స్టేట్ సిలబసా అన్నా?" అన్నాడు, ఇంట్లో ఇంకా లాంతరు పెడుతున్నావా అన్నట్టు. వాళ్లబ్బాయి ఏడో తరగతి, ఇప్పటికే ఎనిమిదో తరగతి లెక్కలు అయిపోయాయి. అతని వాదన తప్పని తేలిగ్గా అనలేను. పోటీ పరీక్షలు ఉన్నాయి, సీట్లు తక్కువ, వెనకబడితే అందుకోవడం కష్టం. మా షాపులో మాతో పాటు పనిచేసే ఆయన కూతురు ఎంసెట్లో, అదే ఇప్పటి ఈఏపీసెట్లో, కొద్దిలో సీటు పోగొట్టుకుని ఏడ్చినప్పుడు నేను వాళ్లింట్లోనే ఉన్నాను.

కానీ లెక్క వేసి చూడండి. పదో తరగతి అయ్యాక మనూళ్లో ఏ పిల్లవాడైనా ఎక్కడికి వెళ్తాడు? ఇంటర్‌కి. ఎంపీసీనో బైపీసీనో తీసుకుని రెండేళ్లు ఏదో ఒక కార్పొరేట్ కాలేజీ గానుగలో తిరుగుతాడు. పదో తరగతి డిసెంబర్‌లో ఉండగానే కాలేజీల పీఆర్వోలు ఇంటికి ఫోన్లు మొదలుపెడతారు. ఆ రెండేళ్లు తప్పించడం నా వల్ల కాదు, వాడు వద్దంటే తప్ప. ఫౌండేషన్ అంటే ఆ రెండేళ్ల గానుగను ఏడేళ్లకు సాగదీయడం. అప్పుడు పదకొండేళ్ల నుంచే తనకు ర్యాంకు ఎంతో, ఎవరు పైనో ఎవరు కిందో చూసుకుంటూ పెరుగుతాడు. నేను ఫాదర్ల బడికి ఫీజు కట్టి కొన్నది ఆ ఐదేళ్ల ఆలస్యం. మధ్యాహ్నం మూడున్నరకు బడి వదులుతారు. వదిలాక గ్రౌండ్ తాళం వేయరు. అరవై మంది పిల్లలు నాలుగు వేరువేరు క్రికెట్ ఆటలు ఒకే గ్రౌండ్లో ఆడుతుంటారు. ఎవరి బాల్ ఎవరిదో వాళ్లకు తెలుసు, నాకు అర్థం కాదు. ఆబిడ్స్‌లో గజం ధర తెలిసినవాళ్లు ఆ గ్రౌండ్ వైపు ఒకసారి చూడాలి. ఆల్ సెయింట్స్‌లో చదివిన అజహరుద్దీన్ గురించి నేనేదో ఆశ పెట్టుకున్నానని అనుకోకండి, మావాడికి బ్యాట్ పట్టుకోవడమే సరిగా రాదు. గ్రౌండ్ ఇంకా గ్రౌండ్ గానే ఉందన్నది నాకు కావలసింది.

ఇది క్యాథలిక్కుల గొప్పతనమా అంటే, కొంత వరకే. పాత గవర్నమెంటు హైస్కూళ్లలోనూ ఇలాంటి గ్రౌండ్లు ఉన్నాయి. అక్కడికి పంపే ధైర్యం నాకు లేకపోయింది, ఒప్పుకుంటున్నాను. నగరంలో తొందర లేకుండా నడుస్తూ, నా జీతానికి అందేది నాకు ఇదొక్కటే కనిపించింది.

సీటు ఎట్లా దొరికిందంటారా? ఈ బళ్లలో చేరేది ఎల్‌కేజీలోనే, పై తరగతుల్లో సీటు దొరికేది ఖాళీ అయితేనే. మూడు బళ్లు లేదన్నాయి. మైనారిటీ సంస్థ కాబట్టి ముందు వాళ్ల పిల్లలకు, తర్వాతే మనకు, అది వాళ్ల హక్కు. నాలుగో చోట మార్చిలో ఫోన్ చేశారు. ఆరో తరగతిలో ఒక పిల్లవాడు టీసీ తీసుకున్నాడట. ఎందుకు తీసుకున్నాడని గుమస్తాను అడిగాను. "ఫౌండేషన్‌కి మార్పిస్తున్నరు సార్, వాళ్ల నాన్న."

చేర్పించే ముందు మూడు మధ్యాహ్నాలు ఆ బడి గేటు ఎదురుగా ఇరానీ హోటల్లో కూర్చున్నాను. షాపు నుంచి నడిచే దూరం. పిల్లల కోసం వచ్చిన తండ్రులు అక్కడే చాయ్ తాగుతారు, వాళ్లలో కొందరు అదే బడి పాత విద్యార్థులు. బడి గురించి తెలియాలంటే వెబ్‌సైట్ కన్నా ఆ టేబుల్ మేలు. అక్కడ తెలిసిన ముఖ్యమైన సంగతి ఏంటంటే, హెడ్మాస్టర్‌ను చూసి బడి ఎంచుకోకూడదు. బ్రదర్లను వాళ్ల పెద్దలు కొన్నేళ్లకోసారి బదిలీ చేస్తారు. ఫిరంగిపురం ఆయన రేపు ఇంకో రాష్ట్రంలో ఉండొచ్చు. ఉండేది టీచర్లు. అందుకని టీచర్ల గురించి అడిగాను. లెక్కల సార్ ఇరవై రెండేళ్లుగా ఉన్నారు, తండ్రికీ కొడుక్కీ ఆయనే చెప్పిన ఇళ్లున్నాయి. తెలుగు మేడమ్ పదిహేనేళ్లు. మూసాపేట బళ్లో మావాడికి ఒక్క ఏడాదిలో ముగ్గురు సైన్స్ టీచర్లు మారారు. అక్కడే ఒకాయన ఇంకో మాట చెప్పాడు. కొత్త టీచర్లకు జీతాలు తక్కువ, మంచివాళ్లు నిలవడం లేదు, ఇంకో పదేళ్లలో ఇదీ అన్ని బళ్లలాగే అవుతుందని. అదే నిజం కావచ్చు. మాకు ఐదేళ్లు చాలు.

అడగాల్సిన మాట ఇంకోటి ఉంది, చాలామంది మొహమాటపడి అడగరు. 2002లో బోస్టన్‌లో ఒక దినపత్రిక బయటపెట్టిన దగ్గర్నుంచి, పిల్లల మీద చర్చిలోనివాళ్లు చేసిన అత్యాచారాలు, వాటిని పెద్దలు కప్పిపెట్టిన తీరు దేశదేశాల్లో బయటికొచ్చాయి. 2019లో పోప్ ఫ్రాన్సిస్ ఇలాంటివి తెలిస్తే చర్చి అధికారులకు తప్పక తెలపాలని నియమం పెట్టారు. చర్చి లోపలి నియమం నాకు సరిపోదు. పిల్లల మీద లైంగిక నేరాలకు మనకు 2012 నాటి పోక్సో చట్టం ఉంది. తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ పెద్ద దాస్తే ఏడాది దాకా జైలు. ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి, ఆ కమిటీలో బయటి మనిషి ఉన్నారా, పిల్లవాడు బ్రదర్ గదిలోకి ఒక్కడే వెళ్లే సందర్భం ఉంటుందా అని అడిగాను. గదికి అద్దం తలుపు చూపించారు, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద ఉంది, కమిటీలో ఒక లేడీ డాక్టర్ ఉన్నారు. అడిగినందుకు ఆయన మొహం చిట్లించి ఉంటే చేర్పించేవాణ్ని కాదు. ఈ ప్రశ్న కార్పొరేట్ బళ్లో ఐదేళ్లలో నేను ఒక్కసారి కూడా అడగలేదని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. ప్రమాదం తెల్ల అంగీలోనే ఉంటుందని ఎందుకనుకున్నానో.

మగపిల్లల బడి అన్నది నాకు ఇప్పటికీ నచ్చని సంగతి. మా ఆవిడ గట్టిగానే అంది, "ఆడపిల్లలతో మామూలుగా మాట్లాడ్డం రాకుండా తయారైతే?" అని. కాలనీలో పిల్లలంతా కలిసి ఆడుకుంటారు కదా అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

తెలుగు గురించి మాత్రం పోట్లాడే చేర్పించాను. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక ఇంగ్లిష్ మీడియం బళ్లో, తెలుగులో మాట్లాడారని పిల్లల మెడలో పలకలు వేలాడదీసిన గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా చిన్నప్పుడు మా బళ్లో తెలుగు మాటకు పావలా ఫైన్ ఉండేది. ఈ అలవాటు పెట్టుకున్న మిషన్ బళ్లకు వాళ్ల పెద్దల చరిత్రే తెలియదనిపిస్తుంది. పద్దెనిమిదో శతాబ్దంలో గాస్టన్ కేర్దూ అనే ఫ్రెంచి జెస్యూట్ ఫాదర్ తెలుగుదేశంలో ఉండి, తెలుగు నేర్చుకుని నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికి లాటిన్, గ్రీకులతో చుట్టరికం ఉందని 1767లోనే పారిస్ పండితులకు రాసి పంపాడు. అలాంటి ఫాదర్ల వారసులు పావలా వసూలు చేయడమేంటి? 2018 చట్టం ప్రకారం తెలంగాణలో ఏ బోర్డు బడైనా పదో తరగతి దాకా తెలుగు చెప్పాల్సిందే కాబట్టి క్లాసు ఎలాగూ ఉంటుంది. గ్రౌండ్లో ఏ భాష అన్నది నా ప్రశ్న. "గ్రౌండ్లో ఏ భాష ఆపగలమండి, వీళ్లు అరిచేది నాకే అర్థం కాదు" అన్నారు బ్రదర్.

అదే రోజు నన్నొక ప్రశ్న అడిగారు ఆయన. మావాణ్ని ఏమీ అడగలేదు. "మీరు సాయంత్రం ఎన్నింటికి ఇంటికెళ్తారు?" అన్నారు. తొమ్మిది, ఒక్కోసారి తొమ్మిదిన్నర అన్నాను. హోల్‌సేల్ షాపు, రాత్రి లెక్కలు చూసుకుని గానీ కదలలేం. "అయితే మా బడి వల్ల మీకు పెద్ద లాభం ఉండదండి. మూడున్నరకు వదిలేస్తాం. మిగతా టైమంతా మీదే. అక్కడైతే ఏడు దాకా స్టడీ అవర్ పెట్టి ఉంచుకుంటారు" అన్నారు. ఆయన ఎగతాళి చేస్తున్నారో, మామూలుగా చెబుతున్నారో తెలియలేదు. బయటికొచ్చాక చాలాసేపు ఆయన మీద కోపంగా ఉంది. మా సేఠ్‌ను బతిమాలి, జీతంలో కొంత తగ్గించుకుని, ఆరింటికి బయటపడేలా మాట్లాడుకోవడానికి నెల పట్టింది.

జూన్ 12న బడి తెరిచారు. పొద్దున్న ఇద్దరం మూసాపేటలో మెట్రో ఎక్కితే పదకొండో స్టేషన్ నాంపల్లి. సాయంత్రం మూడున్నర నుంచి ఐదింటిదాకా గ్రౌండ్, ఆ తర్వాత మా షాపులో మందుల డబ్బాల మధ్య స్టూలు మీద హోంవర్క్, ఆరింటికి ఇద్దరం వెనక్కి. మెట్రోలో వాడు చెప్పే కబుర్లు నాకు సగం అర్థం కావు. ఎవడో షూ లేసులతో పాము చేశాడంటాడు. ఎవడో డబ్బాలో సేమియా తెచ్చాడంటాడు, రంజాన్‌కి రమ్మన్నాడంటాడు.

పోయిన వారం మొదటి యూనిట్ టెస్టు పేపర్లు ఇచ్చారు. లెక్కల్లో ఇరవై ఐదుకు పద్దెనిమిది. రైల్లోనే బ్యాగు తీసి చూపించాడు. ర్యాంకు వేశారా అన్నాను. వేయరన్నాడు. క్లాసులో హైయెస్ట్ ఎంత అన్నాను. తెలియదన్నాడు. నీ పక్కవాడికెన్ని వచ్చాయి అన్నాను. "అడగలేదు నాన్నా" అని పేపరు మడిచి లోపల పెట్టేసి కిటికీలోంచి చూడ్డం మొదలుపెట్టాడు. ఖైరతాబాద్ దాటింది, పంజాగుట్ట దాటింది. ఆ పక్కవాడి మార్కులు ఎలా కనుక్కోవాలా అని అమీర్‌పేట దాకా ఆలోచిస్తూనే ఉన్నాను.